బురదలో, వాగులో ఇగ్నిషన్ చావకుండా: జిప్సీలు, పాత జీపులు, బైకులు (విశాఖ, మన్యం దారుల కోసం)

తాటిపూడి_జిప్సీ | పోస్టు 1

అందరికీ నమస్కారం. బండి కార్బ్యురేటర్ జిప్సీ, డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ కరెంటుని వంతులవారీగా ఒక్కో ప్లగ్గుకి పంచే డబ్బా) ఉన్నది. వానాకాలం అనంతగిరి, పాడేరు వైపు వాగులు తగులుతాయి, నీళ్లు మోకాలి లోతుకి మించవు. వాగులో బాగానే నడుస్తుంది. గట్టెక్కి ఘాట్ ఎక్కేటప్పుడు మిస్సింగ్ (సిలిండర్ సరిగ్గా మండక ఇంజన్ తడబడడం) మొదలవుతుంది. ఆపి ఐడిలింగ్‌లో పెడితే మళ్లీ శుభ్రంగా ఆడుతుంది. డిస్ట్రిబ్యూటర్ చుట్టూ సిలికాన్ పూసి మొత్తం సీల్ చేసేస్తే సరిపోతుందా? గ్రీజు వాడాలంటే ఏది, ఎక్కడ, ఎంత?

ఆటోనగర్_ఎలక్ట్రికల్ | పోస్టు 2

సీలింగ్ సంగతి తర్వాత చూద్దాం గురూ. మీరు చెప్పిన లక్షణంలోనే సగం జవాబుంది.

ఐడిలింగ్‌లో థ్రోటిల్ మూసి ఉంటుంది, సిలిండర్‌లోకి వెళ్లే మిశ్రమం తక్కువ, ప్లగ్గు దగ్గర ఒత్తిడి తక్కువ. తక్కువ వోల్టేజీకే గ్యాప్‌లో స్పార్క్ దూకుతుంది. ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కగానే సిలిండర్ నిండుతుంది, ఒత్తిడి పెరుగుతుంది, అదే గ్యాప్ దాటడానికి చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. కాయిల్ (బ్యాటరీ కరెంటుని వేల వోల్టులకి పెంచేది) ఆ వోల్టేజీకి ఎక్కేలోపే బయట ఇంకో సులువైన దారి దొరికితే కరెంటు అటే పోతుంది. ఆ దారి క్యాప్ (డిస్ట్రిబ్యూటర్ మూత) మీద తడిసిన మురికి పొర కావచ్చు, ప్లగ్గు పింగాణీ మీద బురద కావచ్చు, పగిలిన బూట్ (ప్లగ్గు మీద ఎక్కే రబ్బరు తొడుగు) కావచ్చు. అందుకే లోడ్‌లో మాత్రమే మిస్సింగ్.

మంచినీళ్ల చుక్క ఒక్కటే పడితే అంత నష్టం ఉండదు. బురదలోని లవణాలు, దుమ్ము, పాత నూనె జిడ్డు, వీటితో కలిసిన తడి కరెంటుని మోస్తుంది. శుభ్రమైన క్యాప్ తడిసినా నీళ్లు బొట్లు బొట్లుగా విడిపోతాయి, మురికి క్యాప్ మీద పొరలా పరుచుకుంటాయి. కాబట్టి గ్రీజు డబ్బా ముట్టుకునే ముందు ఇవి చేయండి:

క్యాప్ విప్పి సబ్బునీళ్లతో లోపలా బయటా కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. తర్వాత వెలుతురుకి ఎదురుగా తిప్పుతూ చూడండి. టవర్‌కీ టవర్‌కీ (వైర్లు గుచ్చే బొడిపెలు) మధ్య, లేదా టవర్ నుంచి క్లిప్పు వైపు వెంట్రుక లాంటి నల్ల గీత కనబడితే అది కార్బన్ ట్రాక్. గోకితే మామూలు మురికి పోతుంది, ఇది పోదు. అలాంటి క్యాప్ ఎంత తుడిచినా పనికిరాదు, మార్చాల్సిందే. మధ్యలో ఉండే కార్బన్ ముక్క స్ప్రింగుతో లోపలికీ బయటికీ కదులుతోందా, రోటర్ (క్యాప్ లోపల తిరిగే ముక్క) కొన కాలి పోయిందా చూడండి.

తర్వాత మల్టీమీటర్‌తో ప్లగ్ వైర్లు. కార్బన్ కోర్ వైరుకి మీటరు పొడవుకి 10 నుంచి 20 కిలో ఓమ్‌ల మధ్య ఉండడం మామూలు. పెద్ద తేడా ఉన్నా, వైరు వంచి ఊపితే రీడింగ్ గెంతినా తీసెయ్యండి. ఒక్క వైరు కాదు, సెట్ మొత్తం మార్చండి.

ప్లగ్ గ్యాప్ 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. అరిగి 1.0 దాటిన ప్లగ్గుతో వాగులోకి దిగడమంటే కరెంటుకి పక్కదారి చూపించడమే. పాయింట్లున్న (కాయిల్ కరెంటుని తెంపే స్విచ్ లాంటివి) బండైతే పాయింట్ గ్యాప్ 0.4 నుంచి 0.5.

మన్యం_లోరేంజ్ | పోస్టు 3

పై పోస్టుతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇప్పుడు సీలింగ్ సంగతి.

డిస్ట్రిబ్యూటర్ పని చేస్తున్నంతసేపూ వేడిగా ఉంటుంది, లోపలి గాలి కూడా వేడెక్కి వ్యాకోచించి ఉంటుంది. ఒక్కసారిగా చల్లటి వాగునీళ్లు తగిలితే ఆ గాలి ముడుచుకుంటుంది. క్యాప్ కింద రబ్బరు ఎండిపోయి ఉన్నా, క్లిప్పు వదులైనా, ఆ సందులోంచి నీళ్లని లోపలికి పీల్చుకుంటుంది. యాక్సిల్ హౌసింగ్, గేర్‌బాక్స్ కూడా ఇలాగే నీళ్లు తాగుతాయి. వాటికి బ్రీదర్ ట్యూబు (గాలి ఆడే గొట్టం) పైకి తీసుకెళ్లి కడతాం కదా, డిస్ట్రిబ్యూటర్‌దీ అదే న్యాయం.

అందుకే దిగే ముందు ఒడ్డున ఇంజన్ ఆపి బానెట్ ఎత్తి ఓ పది నిమిషాలు చల్లారనివ్వండి. ఆ టైములో కర్రతో లోతు చూసుకోండి, అడుగున బండలున్నాయో ఇసకుందో తెలుసుకోండి. పైన వాన పడుతుంటే అసలు దిగొద్దు. మన్యం వాగుల్లో ఇక్కడ చినుకు లేకపోయినా పైనుంచి నీళ్లు ఉన్నట్టుండి వచ్చిపడతాయి.

ఇక పూర్తిగా సీల్ చేస్తే ఏమవుతుందంటే, రోటర్ స్పార్క్ వల్ల లోపల ఓజోన్, నైట్రోజన్ ఆక్సైడ్లు పుడుతూనే ఉంటాయి. బయటికి దారి లేకపోతే లోపలి తేమతో కలిసి ఆమ్లంగా మారి అల్యూమినియం, ఇత్తడి భాగాలన్నిటినీ తినేస్తాయి. కొన్ని నెలల్లో తెల్లటి పొడి పేరుకుంటుంది. నీళ్లు రానివ్వలేదని సంతోషిస్తుంటే లోపలే పుండవుతుంది.

గాజువాక_విల్లీస్ | పోస్టు 4

అన్నా, మరి మిలటరీ జీపులకి సీల్డ్ ఇగ్నిషనే కదా ఉండేది? అవి నీళ్లలో మునిగినా నడిచేవంటారు.

మన్యం_లోరేంజ్ | పోస్టు 5

1950ల నాటి అమెరికా మిలటరీ జీపు ఎం38 గురించి అడుగుతున్నట్టున్నారు. దానికి 24 వోల్టుల వాటర్‌ప్రూఫ్ ఇగ్నిషన్ ఉంది నిజమే. కానీ దాన్ని ఊపిరాడకుండా మూసెయ్యలేదు. డిస్ట్రిబ్యూటర్ హౌసింగ్‌కి ట్యూబులు పెట్టి ఇంజన్ పీల్చే గాలి వైపు కలిపారు, లోపలి గాలి మారుతూ ఉంటుంది. సీలు, బ్రీదరు రెండూ ఉన్నాయి. మనవాళ్లు సీలొక్కటే కాపీ కొట్టి బ్రీదర్ మరిచిపోతారు.

మీ విల్లీస్‌లో డిస్ట్రిబ్యూటర్ బ్లాక్ పక్కన ఉంటుంది, జిప్సీలో హెడ్ వెనక, ఫైర్‌వాల్ దగ్గర ఎత్తుగా ఉంటుంది. కాబట్టి జిప్సీలో నీళ్లు కిందనుంచి చేరడం కంటే ఫ్యాను చిమ్మిన నీళ్లు, బానెట్ సందుల్లోంచి కారే నీళ్లే ఎక్కువ ఇబ్బంది.

ఇంట్లోనే చేసుకోగల బ్రీదర్ కావాలంటే: డిస్ట్రిబ్యూటర్ బాడీకి వెంట్ రంధ్రం ఉంటే దానికి సన్నటి రబ్బరు ట్యూబు బిగించి, ఫైర్‌వాల్ మీదుగా బానెట్ పై అంచు ఎత్తుకి తీసుకెళ్లి, చివర కిందికి వంచి, చిన్న ఫ్యూయల్ ఫిల్టర్ తొడగండి. దుమ్ము లోపలికి పోదు. రంధ్రం లేని బాడీకి కొత్తగా డ్రిల్ చేయకండి, లోహపు రజను అడ్వాన్స్ వెయిట్లలో (వేగాన్ని బట్టి స్పార్క్ టైమింగ్ మార్చే చిన్న బరువులు) ఇరుక్కుంటుంది.

గాజువాక_విల్లీస్ | పోస్టు 6

అర్థమైంది. అయితే రబ్బరు గ్లౌజు తొడిగే పాత చిట్కా కూడా తప్పేనా?

ఆటోనగర్_ఎలక్ట్రికల్ | పోస్టు 7

తప్పు కాదు, దాన్ని తాత్కాలికంగా వాడాలి, అంతే. గిన్నెలు తోమే మందపాటి రబ్బరు గ్లౌజు కొనండి, పల్చటి డాక్టరు గ్లౌజు వేడికి చిరిగిపోతుంది. నాలుగు సిలిండర్ల బండికి నాలుగు ప్లగ్ వైర్లు, ఒక కాయిల్ వైరు, మొత్తం అయిదు. గ్లౌజుకీ అయిదు వేళ్లే, లెక్క సరిగ్గా సరిపోతుంది. వేళ్ల కొనలు కత్తిరించి ఒక్కో వైరు ఒక్కో వేలిలోంచి తీసి క్యాప్‌కి గుచ్చండి. గ్లౌజు మణికట్టు భాగం క్యాప్ మీద నుంచి కిందికి లాగి, డిస్ట్రిబ్యూటర్ బాడీ చుట్టూ జిప్ టై వేయండి. వేలి కొనల దగ్గర ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు.

వైర్లు తీసే ముందు నంబర్లు రాసుకోండి. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరుస) 1-3-4-2.

వాగు దాటాక గంటలోపు గ్లౌజు తీసేయండి. ఉంచేస్తే లోపల చెమటపట్టి ఆ తడే క్యాప్ మీద కూర్చుంటుంది.

ఈ ఫైరింగ్ ఆర్డర్‌లో ఇంకో విషయం ఉంది. 3 తర్వాత 4, 2 తర్వాత 1 పేలుతాయి. ఈ జంటలు పక్కపక్క సిలిండర్లే. వాటి వైర్లు ఒకదానికొకటి ఆనుకుని పొడుగునా వెళ్తే, తడిసినప్పుడు 3 వైరులోని పల్స్ 4లోకి దూకుతుంది. 4 అప్పటికి కంప్రెషన్ మొదలుపెట్టి ఉంటుంది, టైముకి ముందే మండి నాక్ వస్తుంది, కార్బ్యురేటర్‌లోంచి ఠపీమని కొడుతుంది కూడా. ప్లాస్టిక్ వైర్ క్లిప్పులు పోయి ఉంటే వెయ్యండి, వైర్ల మధ్య వేలెడు సందు ఉండాలి. జిప్ టైలతో అందంగా కట్ట కట్టేవాళ్లకి ఈ మాట ప్రత్యేకం.

తాటిపూడి_జిప్సీ | పోస్టు 8

గ్రీజు సంగతి? మా మెకానిక్ వాసలైన్ చాలంటున్నారు.

ఆటోనగర్_ఎలక్ట్రికల్ | పోస్టు 9

బ్యాటరీ టెర్మినళ్ల మీద వాసలైన్ బాగానే ఉంటుంది, ప్లగ్ బూట్‌లో వద్దు. ఇంజన్ వేడికి కరిగి కారిపోతుంది, పెట్రోలియం సరుకు కాబట్టి కొన్ని రకాల రబ్బరుని ఉబ్బిస్తుంది. వీల్ బేరింగ్ గ్రీజు అంతకంటే అన్యాయం.

కావాల్సింది సిలికాన్ డైఎలక్ట్రిక్ గ్రీజు. నాలుగు సిలిండర్ల బండికి చిన్న ట్యూబు ఒకటి ఎక్కువే. ప్రతి బూట్ లోపలి గోడకి శనగ గింజంత, ఇయర్ బడ్‌తో పల్చగా పరచండి. ప్లగ్గు పింగాణీ మీద కూడా అంతే పల్చగా. బూట్ ఎక్కించేటప్పుడు లోపల గాలి చిక్కుకుని బయటికి నెడుతుంది, పైకి చూస్తే ఎక్కినట్టే ఉంటుంది, కుదుపులకి ఊడుతుంది. బూట్ అంచు కింద సన్నటి జిప్ టై పెట్టి నొక్కండి, గాలి పోయాక టిక్‌మని కూర్చుంటుంది, అప్పుడు జిప్ టై లాగేయండి.

పెట్టకూడని చోట్లు: క్యాప్ లోపల, రోటర్ కొన, పాయింట్లు. సిలికాన్ పొర పాయింట్ల మీద చేరి స్పార్క్‌కి కాలితే గాజులాంటి పూత ఏర్పడి కరెంటు ఆపేస్తుంది.

ఆర్‌టీవీ సిలికాన్ (గాలి తగిలితే గట్టిపడే సీలెంట్) వాడాలనుకుంటే మూత తీసి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే అది ఆమ్లం వదిలే రకం, వైర్ల రాగిని పచ్చగా చేసేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నదే తీసుకోండి. అదీ కనెక్టర్ల వెనక వైర్లు దూరే చోట మాత్రమే.

భీమిలి_ఉప్పుగాలి | పోస్టు 10

మీరంతా వాగుల గురించే చెబుతున్నారు. వైజాగ్ బండికి అంతకంటే పెద్ద శత్రువు ఇంటి ముందే ఉంది. బీచ్ రోడ్డు, రుషికొండ, భీమిలి, యారాడ వైపు రాత్రి బయట పెట్టిన బండి మీద ఉప్పు పొర ఎప్పుడూ ఉంటుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ గాలిలోని తేమని తనే లాక్కుంటుంది. అంటే వాన లేకపోయినా, వాగు దాటకపోయినా, తెల్లారేసరికి క్యాప్ మీద కరెంటు మోసే తడి తయారు. పొద్దున్నే సెల్ఫ్ కొడితే దగ్గి, ఎండెక్కాక బాగైపోయే బండ్ల జబ్బు చాలావరకు ఇదే.

ఉప్పుని పొడిగుడ్డతో తుడిస్తే పోదు, అటూ ఇటూ జరుగుతుంది. మంచినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాయిల్ టవర్, క్యాప్, వైర్లు, ప్లగ్ పింగాణీ తుడవండి. నీళ్లు మార్చి ఇంకోసారి. పూర్తిగా ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో చివరి తుడుపు. ఆ తర్వాతే గ్రీజు. ఉప్పు మీద గ్రీజు పూస్తే ఉప్పుని భద్రంగా దాచిపెట్టినట్టే. సముద్రం దగ్గర ఉండేవాళ్లు నెలకోసారి, మిగతావాళ్లు వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి.

కాయిల్‌ని ఫెండర్ మీద పడుకోబెట్టి బిగించిన బండ్లలో టవర్ గుంటలో నీళ్లు నిలుస్తాయి. టవర్ కిందికి వాలేట్టు కాస్త తిప్పి బిగించండి. నూనె నింపిన పాత రకం కాయిల్‌ని తలకిందులుగా పెట్టే ముందు దాని తయారీదారు ఒప్పుకుంటారో లేదో చూసుకోండి.

మోడరేటర్ | పోస్టు 11

ఒక చిన్న మనవి. ఉప్పు గాలి చర్చ బాగుంది కానీ బీచ్ ఇసకలో బండి నడిపే ప్రదేశాల గురించి ఇక్కడ అడగొద్దు. జనవరి నుంచి ఒడ్డున ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఎర్రమట్టి దిబ్బల సంగతీ అంతే, అది రక్షిత స్థలం. ఆ పోస్టులు తీసేస్తాం. కొనసాగించండి.

మన్యం_లోరేంజ్ | పోస్టు 12

ఫ్యాన్ గురించి ఇంకా ఎవరూ వివరంగా రాయలేదు. జిప్సీ చక్రం మధ్యభాగం నేలకి సుమారు 33 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మోకాలి లోతంటే అది మునిగిపోయినట్టే. ముందు అల లేస్తే ఫ్యాన్ కింది రెక్కలకి నీళ్లు తగులుతాయి, ఇంజన్ మొత్తం మీద స్ప్రే చేసేస్తాయి. రెక్కలు ముందుకి వంగి రేడియేటర్‌ని కోసిన బండ్లూ ఉన్నాయి.

మార్గం ఒకటి, టార్పాలిన్. బంపర్ కింద నుంచి గ్రిల్ మీదుగా బానెట్ అంచు దాకా కప్పి తాళ్లతో కట్టండి. బండి ముందుకు కదులుతున్నంతసేపూ అల బయటే ఉంటుంది, బానెట్ కింద నీటిమట్టం తగ్గుతుంది. ఆగారా, అల కూలి లోపలికొస్తుంది.

రెండోది, ఫ్యాన్ బెల్ట్ తీసేయడం. అదే బెల్ట్ వాటర్ పంపుని, ఆల్టర్నేటర్‌ని కూడా తిప్పుతుంది కాబట్టి రెండు మూడు నిమిషాలకి మించకూడదు. పొట్టి వాగుకి సరే, వెడల్పు వాగుకి వద్దు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్నవాళ్లు డ్యాష్‌బోర్డులో ఒక స్విచ్ పెట్టుకుంటే పని తేలిక.

లో రేంజ్ (ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో నెమ్మదిగా, బలంగా లాగే గేర్లు), ఫస్ట్ లేదా సెకండ్ గేరు, మెల్లగా దిగి, లోపల మనిషి నడక వేగం. మధ్యలో గేరు మార్చొద్దు, క్లచ్ తొక్కొద్దు. సినిమాలోలా నీళ్లు చిమ్ముకుంటూ వెళ్లేవాళ్లకి ఈ చర్చలో మందు లేదు.

సీతమ్మధార_ఎంపీఎఫ్ఐ | పోస్టు 13

డిస్ట్రిబ్యూటర్ లేని బండ్లకి? కొత్త జిమ్నీ, పెట్రోల్ థార్ లాంటివాటిలో ప్రతి ప్లగ్గు మీదా కాయిల్ ఉంటుంది కదా.

ఆటోనగర్_ఎలక్ట్రికల్ | పోస్టు 14

వాటికి వాగు కంటే వాటర్ సర్వీసింగ్ గన్ ప్రమాదం. ప్లగ్గులు లోతైన బావుల్లాంటి గుంటల్లో ఉంటాయి. బానెట్ ఎత్తి ప్రెషర్‌తో కొడితే కాయిల్ సీల్ దాటి నీళ్లు గుంటలో దిగుతాయి, బయటికి వచ్చే దారి ఉండదు. రెండ్రోజులకి ఒక సిలిండర్ మిస్సింగ్, చెక్ ఇంజన్ లైట్.

గుంట దగ్గర బురద ఉంటే ముందు బ్రష్షుతో దులిపి, ఎయిర్ కొట్టించి, ఆ తర్వాతే కాయిల్ తీయండి. కాయిల్ తీశాక, ప్లగ్గు విప్పకముందే గుంటలో మళ్లీ ఎయిర్ కొట్టండి. లేకపోతే ఇసక నేరుగా సిలిండర్‌లోకి. నీళ్లు నిలిచి ఉంటే మెడికల్ షాపు సిరంజికి సన్నటి ట్యూబు తొడిగి లాగేయండి. కాయిల్ రబ్బరు గొట్టం పొడుగునా తెల్లటి లేదా నల్లటి గీత కనబడితే కరెంటు అక్కడ లీకవుతోంది. గొట్టం విడిగా దొరికితే గొట్టం, దొరక్కపోతే కాయిల్ మార్చాలి.

కప్లర్లు (వైర్లు కలిపే కనెక్టర్లు) కూడా చూడండి. ప్రతి వాటర్‌ప్రూఫ్ కప్లర్‌లో రంగు రబ్బరు సీల్ ఉంటుంది. విప్పినప్పుడు అది పడిపోయి, లేకుండానే బిగించేస్తారు. క్రాంక్ సెన్సర్ (ఇంజన్ తిరుగుడుని కనిపెట్టేది) కప్లర్‌లో నీళ్లు చేరితే నాలుగు సిలిండర్లూ ఒక్కసారే ఆగుతాయి. ఒక సిలిండరే మిస్సయితే కాయిల్ వైపు, అన్నీ ఒకేసారి పోతే సెన్సర్, ఫ్యూజు, రిలే వైపు వెతకండి.

కంచరపాలెం_కిక్కర్ | పోస్టు 15

బైకుల వాళ్లకి నాలుగు ముక్కలు.

ప్లగ్ క్యాప్ వైరుకి స్క్రూలా తిరిగేదైతే, విప్పి వైరు కొన చూడండి. పచ్చగా ఉంటే 5 మిల్లీమీటర్లు కత్తిరించి మళ్లీ తిప్పండి. రెసిస్టర్ క్యాప్ చాలావాటికి 5 కిలో ఓమ్‌లు, మీటర్‌లో చూడొచ్చు. ప్లగ్గు పక్కన హెడ్‌లో చిన్న డ్రెయిన్ రంధ్రం ఉన్న బైకులకి అది బురదతో మూసుకుపోతుంది, సన్నటి తీగతో పొడవండి. కిల్ స్విచ్, సైడ్ స్టాండ్ స్విచ్, ఈ రెండూ తడిస్తే స్పార్క్ అసలు రాదు, జనం మాత్రం సీడీఐ (బైకు స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చేస్తారు.

కార్బ్యురేటర్ బైకుల్లో ఇంకో మోసం ఉంది. ఫ్లోట్ గిన్నె (కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచే చోటు) గాలి ట్యూబులు కిందికి వేలాడుతుంటాయి. అవి నీళ్లలో మునిగితే గిన్నెలోకి గాలి అందదు, పెట్రోలు రాదు, బైకు ఆగిపోతుంది. లక్షణం అచ్చం ఇగ్నిషన్ పోయినట్టే. నీళ్లలోంచి బయటికి లాగగానే స్టార్టవుతుంది. ట్యూబుకి టీ జాయింట్ వేసి ఒక కొస పైకి, ట్యాంకు అడుగు దాకా తీసుకెళ్లండి. పది నిమిషాల పని.

డీజిల్_దొర | పోస్టు 16

అందుకే పెద్దలు డీజిల్ కొనమన్నారు. ప్లగ్గు లేదు, కాయిల్ లేదు, గ్లౌజూ లేదు 😄

మన్యం_లోరేంజ్ | పోస్టు 17

దొరగారూ, పాత మెకానికల్ పంపు మహీంద్రాలకి మీ మాట చెల్లుతుంది. కామన్ రైల్ (కొత్త రకం ఎలక్ట్రానిక్ డీజిల్ ఇంజెక్షన్) బండ్లలో సెన్సర్లు, ఇంజెక్టర్ కప్లర్లు, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) అన్నీ ఉన్నాయి. పైగా డీజిల్ కంప్రెషన్ ఎక్కువ కాబట్టి ఎయిర్ ఇన్‌టేక్‌లోంచి నీళ్లు తాగితే కనెక్టింగ్ రాడ్ వంగడం ఇంకా తేలిక. 2020 తర్వాతి థార్‌కి కంపెనీ చెప్పిన వాటర్ వేడింగ్ (నీళ్లలో దాటగల) లోతు 650 మిల్లీమీటర్లు. అది నిలకడ నీళ్లలో మెల్లగా వెళ్లేవాళ్లకి, పారే వాగులో అల ఎత్తు కూడా కలుపుకోవాలి.

తాటిపూడి_జిప్సీ | పోస్టు 18

నీళ్ల మధ్యలో ఆగిపోతే వెంటనే సెల్ఫ్ కొట్టొచ్చా?

ఆటోనగర్_ఎలక్ట్రికల్ | పోస్టు 19

కొట్టకూడదు. కీ ఆఫ్. బండిని బయటికి లాగించండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి చూడండి.

ఫిల్టర్ పొడిగా ఉంటే ఆగింది ఇగ్నిషన్ వల్లే అనుకోవచ్చు. క్యాప్ తీసి తుడిచి, డబ్ల్యూడీ-40 పల్చగా కొట్టి, రెండు మూడు నిమిషాలు క్యాప్ విప్పే ఉంచండి. నీటిని తరిమేందుకే 1953లో అమెరికాలో తయారైన సరుకది, కానీ దాని ఆవిరి మండుతుంది. వెంటనే మూసి సెల్ఫ్ కొడితే క్యాప్ లోపలే మంట అంటుకుని క్యాప్ ఎగిరిపోవచ్చు. ఇంటికొచ్చాక ఆ జిడ్డు ఆల్కహాల్‌తో తుడిచేయండి, వదిలేస్తే దుమ్ముని పట్టేస్తుంది.

ఫిల్టర్ తడిసి ఉంటే నాలుగు ప్లగ్గులూ విప్పండి. కాయిల్ పాజిటివ్ వైరు తీసేయండి, ఎందుకంటే ప్లగ్ రంధ్రాల్లోంచి నీళ్లతోపాటు పెట్రోలు కూడా చిమ్ముతుంది, స్పార్క్ తగిలితే అంటుకుంటుంది. ఎదురుగా ఎవరూ నిలబడకుండా చూసి, అయిదేసి సెకన్లు సెల్ఫ్ కొట్టండి. నీళ్లు రావడం ఆగాక ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి ఇంకోసారి తిప్పండి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే స్టార్ట్ చేయొద్దు, ఆయిలూ ఫిల్టరూ మార్చాకే.

అన్నీ పొడిగా ఉన్నా స్పార్క్ నీరసంగా ఉందంటే వోల్టేజీ చూడండి. సెల్ఫ్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 9 వోల్టుల కంటే పడిపోకూడదు. ఇంజన్ బ్లాక్‌కీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య మీటర్ పెడితే 0.3 వోల్టులు మించకూడదు. మించితే ఎర్త్ పట్టీ కింద తుప్పో బురదో ఉంది. విప్పి, ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన వాసలైన్. ఇక్కడ వాసలైన్‌కి నా ఆశీస్సులు.

ఆల్టర్నేటర్ బురదలో మునిగిందా, అదే సాయంత్రం మంచినీళ్లతో తక్కువ ఒత్తిడిలో కడిగి ఎయిర్ కొట్టండి. ఎండాక బ్రష్‌లు ఇరుక్కుంటాయి. ఛార్జింగ్ లేక, బ్యాటరీ తగ్గి, రెండ్రోజుల తర్వాత మిస్సింగ్ వస్తే ఎవరికీ వాగు గుర్తుకు రాదు.

భీమిలి_ఉప్పుగాలి | పోస్టు 20

చెక్ చేయడానికి ఒక మంచి పద్ధతి. చీకటి పడ్డాక బానెట్ ఎత్తి ఇంజన్ ఐడిలింగ్‌లో పెట్టి, మొక్కలకి నీళ్లు చల్లే స్ప్రే సీసాతో వైర్లు, క్యాప్, కాయిల్ మీద మంచులా కొట్టండి. లీకున్న చోట నీలం గీతలు పాకుతాయి, టిక్ టిక్ చప్పుడు వస్తుంది. కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి మళ్లీ చూడండి. వైర్లు చేత్తో పట్టుకోవద్దు, చొక్కా కొసలు బెల్ట్‌కి దూరం.

తాటిపూడి_జిప్సీ | పోస్టు 21

చాలా థ్యాంక్స్ అందరికీ. క్యాప్ కడిగి చూస్తే 3, 4 టవర్ల మధ్య సన్నటి నల్ల గీత ఉంది. కొత్తది దొరికేదాకా ఏమైనా చేయొచ్చా?

ఆటోనగర్_ఎలక్ట్రికల్ | పోస్టు 22

గీత మొత్తాన్ని చాకు కొనతో తాజా ప్లాస్టిక్ కనబడేదాకా చెక్కేయండి, గీత కొంచెం కూడా మిగలకూడదు. ఆల్కహాల్‌తో తుడిచి, ఆ గాడిలో గోళ్ల రంగు, రంగులేనిది, రెండు పూతలు వేసి బాగా ఆరనివ్వండి. ఊళ్లో తిరగడానికి సరిపోతుంది, వాగుకి తీసుకెళ్లొద్దు. ఆటోనగర్‌లో క్యాప్ కొనేటప్పుడు రోటర్ కూడా జతగా తీసుకోండి, క్యాప్ కింద రబ్బరు రింగు వస్తుందో లేదో అడగండి. ఈ చెక్కిన క్యాప్‌ని మాత్రం స్పేర్ అని టూల్ కిట్‌లో దాచకండి, అవసరానికి అదే చేతికొస్తుంది.